హైదరాబాదు విశ్వవిద్యాలయములో రెండు దినములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏదేని ఒక కావ్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. అది నాకు సులభమైన పనియే. బడిచదువు పదవ తరగతితో ముగిసినను, ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బల్లమీదనే భారత భాగవతములు కూడబలుకుకొని చదివినవాడను. కాని ఈ యేడు నా మనస్సున మెదలుచున్నది వేరొక విషయము. హైదరాబాదు విశ్వవిద్యాలయములో చరిత్రశాఖయందు పరిశోధన చేయుచున్న నా మేనల్లునివద్ద మొన్న శ్రావణమాసమున రెండు దినములు గడిపి వచ్చితిని. ఆ కుఱ్ఱవాడు మీకందరకును ఎరుకే. మన చందా పుస్తకములో ఏడవ తరగతినాటినుండి వాని వంకర సంతకము కలదు.

ముందుగా నా తప్పొకటి చెప్పుకొనవలెను. 2024 సంక్రాంతినాడు, పదిమంది కూర్చున్న అరుగుమీద, నేను వానితో, "ఏమిరా, నీతోడివారు మాధాపురములో కంప్యూటరు కొలువులు చేసి ఇండ్లు కొనుచున్నారు. నీకు ఇరువదియెనిమిదేండ్లు వచ్చినవి. నీ చదువును ఏ ఖాతాలో జమ వేయమందువు?" అంటిని. అందరును నవ్విరి. వాడును నవ్వెను. మరునాడు తెల్లవారకమునుపే బస్సెక్కెను. ఉగాదికి రాలేదు, దసరాకు రాలేదు, మరుసటి సంక్రాంతికిని రాలేదు. మా చెల్లెలు నన్నేమియు అనలేదు. అనకపోవుటయే నాకు భారమయ్యెను. సహకార సంఘపు లెక్కల తనిఖీ ముగిసిన వెంటనే, ఒక సంచిలో అరిసెలు పెట్టుకొని బయలుదేరితిని.

మెట్రో రైలు రాయదుర్గముతో ఆగును. దానికి ముందటి స్టేషను పేరే హైటెక్ సిటీ. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిన సైబరు టవర్సు ఆ ప్రాంతముననే యున్నది. ఇప్పుడా మేడ చుట్టునున్న మేడలలో చిన్నదిగా కనబడును. గాజుగోడలపై మబ్బులు ప్రతిఫలించుచుండగా, మయసభలో దుర్యోధనునివలె నేనును కొంత తడబడితిని. అచ్చటినుండి గచ్చిబౌలి మీదుగా బస్సులో పోయి విశ్వవిద్యాలయ ద్వారముకడ దిగితిని. లోపల అడుగుపెట్టిన పది నిమిషములకు వాహనముల రొద సన్నగిల్లెను. ఇరుప్రక్కల గుండ్రాళ్ళు, పొదలు, తెల్లని దుమ్ము. ఒక నెమలి త్రోవకడ్డముగా నడచి, నన్ను చూచి, తొందరపడకుండనే పోయెను.

ఈ విద్యాలయము పుట్టుక మనవారు తెలిసికొనదగినది. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమముల పిమ్మట 1973లో కుదిరిన ఆరు సూత్రముల ఒప్పందములో హైదరాబాదున ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయము నెలకొల్పుట ఒక సూత్రము. దానికై రాజ్యాంగమున 371-ఇ అను అధికరణము చేర్చిరి. 1974లో విద్యాలయము వెలసెను. తొలినాళ్ళ తరగతులు ఆబిడ్సులో సరోజినీనాయుడుగారి ఇంట, గోల్డెన్ థ్రెషోల్డులో జరిగినవి. ఆ ఇంటిని ఇచ్చినది ఆమె కుమార్తె పద్మజానాయుడుగారు. ఊరికి దూరమైన ఈ రాతినేలలో దానికి కేటాయించిన భూమి సుమారు 2,300 ఎకరములు. రెండు ప్రాంతములవారును కలహించుకొని, రాజీపడి, ఆ రాజీకి గుర్తుగా ఒక పాఠశాలను కట్టుకొనుట నాకు మిక్కిలి నచ్చినది. మన ఊళ్ళలో గట్టు తగాదాలు తీరినప్పుడు విందు మాత్రమే చేసికొందుము.

మేనల్లుడు నన్ను చూచి క్షణకాలము నిలిచి, పిదప నా చేతిసంచి అందుకొనెను. వాని గది మన గ్రంథాలయపు పడమటి గదిలో సగముండును. ఆ సాయంకాలము మెస్సులో భోజనము చేసితిమి. ఒకే బల్లకడ మణిపురపు పిల్ల, కేరళ పిల్లవాడు, శ్రీకాకుళమువాడు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలగలిసి పారుచుండెను. తొలి సంవత్సరము ఇంగ్లీషులో నోరు మెదపలేక వెనుక బల్లనే కూర్చుంటినని వాడు చెప్పెను. మాకు ఉత్తరములలో ఎన్నడును అట్లు వ్రాయలేదు. రాత్రి పదకొండు గంటలకు గ్రంథాలయమునకు కొనిపోయెను. అప్పటికిని కుర్చీలు నిండియున్నవి. చూపులేని విద్యార్థి ఒకడు చెవులకు తీగలు తగిలించుకొని పుస్తకమును వినుచు, బల్లపై వ్రేలితో ఏదియో గీయుచుండెను. నేను చాలసేపు అచ్చటనే నిలిచితిని.

మరునాడు వాడు స్నానమునకు పోయినప్పుడు బల్లమీది లెక్కల పుస్తకము తెరచితిని. వృత్తిదోషము, మన్నింపుడు. జాతీయ అర్హత పరీక్షద్వారా వేతనము దక్కిన పరిశోధకులకు 2023 జనవరి నుండి మొదట నెలకు 37 వేల రూపాయలు. అది దక్కనివారికి నెలకు 8 వేలు మాత్రమే. మనవాడు రెండవ కోవవాడు. ఈ 8 వేలను కూడ ఆపివేయుదుమని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2015లో నిర్ణయించగా, దేశమునలుమూలలనుండి విద్యార్థులు ఢిల్లీలోని ఆ కార్యాలయము ముంగిట బైఠాయించిరి. అందువలననే అది నిలిచినది. వాని పుస్తకములో ప్రతినెల మొదటి పద్దు ఒక్కటే: "అమ్మకు 2,000." రెండవది మెస్సు. మూడవది నకళ్ళు, బస్సు. నేను మా చెల్లెలికి నెలనెలా సాయపడుచున్నానని ఊరంతయు అనుకొనెను, నేనును అనుకొంటిని. ఈ పద్దు సంగతి ఆమె నాకెన్నడు చెప్పలేదు.

భారతములో పౌష్యపర్వమున ఉపమన్యుని కథ కలదు. గురువు ఆవులను కాయుమని పంపి, తెచ్చిన భిక్షనంతయు తీసికొని, నీవింత పుష్టిగా ఎట్లున్నావని మాటిమాటికి అడుగును. పాలు వలదనును, నురుగు వలదనును. చివరకు ఆ బాలుడు జిల్లేడాకులు తిని గ్రుడ్డివాడై బావిలో పడును. ఇన్నాళ్ళు ఆ కథలో శిష్యుని ఓర్పునే మెచ్చుకొంటిని. ఆనాడు మాత్రము, అడుగుచున్న ఆ గొంతు నాదివలె వినబడెను. 2016 జనవరిలో అదే విద్యాలయపు పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణము తీసికొన్న వార్త వచ్చినప్పుడు మా చెల్లెలు ఎంత ఏడ్చెనో మీరెరుగుదురు. అప్పటికింకను మనవాడు అచ్చట చేరనే లేదు. అయినను మూడేండ్ల పిదప పంపినది.

సాయంత్రము తూర్పువైపునకు నడచితిమి. కంచ గచ్చిబౌలి 400 ఎకరముల సంగతి పత్రికలలో చదివియుందురు. భూమి తమదని న్యాయస్థానమే తేల్చినదని ప్రభుత్వమువారి వాదము. అది జింకలు, నెమళ్ళు, నీటిగుంటలుగల అడవియని విద్యార్థుల వాదము. 2025 మార్చి చివర సెలవుదినములలో యంత్రములు దిగినవి. సుమారు నూరెకరములు చదునైన పిదప, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు నరకరాదని ఆపినది. పట్టా ఎవరిదను మాట నేను చెప్పజాలను. కాగితములు చూడక పలుకుట మా ఇంట లేదు. కాని చదునుచేసిన నేలను దూరమునుండి చూచితిని. తమకు సెంటు భూమియైన దక్కని తగవునకై ఆ పిల్లలు లాఠీలకెదురు నిలిచిరి. అరుగుమీద నా ప్రశ్నకు ఆ నేలయెదుట జవాబు నేనే వెదకుకొంటిని, దొరకలేదు.

అప్పుడు వాడు మెల్లగా అడిగెను: "మామయ్యా, మన అటకమీది పెట్టె యింకను ఉన్నదా?"

కరణీకములు 1984లో రద్దయినప్పుడు మా తండ్రిగారు దస్తరములన్నియు ప్రభుత్వమునకు అప్పగించిరి. తాతగారి నాటి ఇంటి ప్రతులు మాత్రము పెట్టెలో మిగిలినవి. వాని పరిశోధన మన చెరువుల నీటి పంపకమును గూర్చియేనట! ఏ తూముక్రింద ఎవరికి ఎన్ని జాములు నీరు, కరవు యేట ఎవరు తమ వంతు వదలుకొనిరి అనునవి అచ్చు పుస్తకములలో లేవు, ఆ కట్టలలో ఉన్నవి. ఆ గొలుసుకట్టు వ్రాత చదువుటకు విద్యాలయములో తనకు తోడెవరును దొరకలేదనెను. మన ఊరిలో అది చదువగలవాడను నేనొక్కడనే మిగిలితిని. "సంక్రాంతినాడే అడుగుదామనుకొంటిని" అనెను. అంతకుమించి ఆ సంగతి మేమిద్దరము మాటలాడుకొనలేదు.

పెట్టె దింపితిమి. పదునాలుగు కట్టలు. నాలుగింటిని చెదలు తిన్నవి. మిగిలిన పదింటిని కార్యవర్గమువారి అనుమతితో మన పడమటి గది బీరువాలో, వేపాకువేసి భద్రపరచితిమి. ఫసలీ 1338వ సంవత్సరపు తూము లెక్క కాగితములు అంటుకొని విడిపడుటలేదు. ఆవిరిపట్టి విడదీయు పద్ధతి నేర్చుకొని వచ్చెదనని వ్రాసినాడు. వచ్చే శనివారము వచ్చుచున్నాడు. గొలుసుకట్టు నేర్చుకొనగోరు బాలబాలికలు ఆనాటి సాయంకాలము ఐదు గంటలకు పడమటి గదికి రావచ్చును. పలకలు తెచ్చుకొనుడు, కాగితము చాలదు.