పలనాటి శిలలు – ప్రాచీనవిద్య
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఆధునికవిద్యయందును, పరిశోధనయందును సంస్కృతాది ప్రాచీనవిద్యలకు గల స్థానమును గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. చిరకాలము బడిపిల్లలకు సంస్కృతము చెప్పి విశ్రాంతి గొన్నవారము; మా విద్యను మేమే పొగడుకొందుమని మీరు తలంచుట సహజము. కావున ముందుగా మా లోపమునే విన్నవింతుము.

ఉద్యోగములో నున్నప్పు డొకమారు విద్యార్థులను నాగార్జునకొండకు తీసికొనిపోయితిమి. ప్రదర్శనశాలలో నొక రాతికంబమును జూచి, ఒక బాలుడు "మాస్టారూ! దీనిమీద ఏం రాసుందండీ?" అని యడిగెను. రఘువంశమును, సిద్ధాంతకౌముదిని చదివిన మాకు ఆ బ్రాహ్మీలిపిలో ఒక్క యక్షరమైనను తెలియదు. ప్రక్కనున్న ఇంగ్లీషు వివరణమును చదివి, తెలుగున చెప్పితిమి. బాలునికి తృప్తి కలిగెను. మాకు సిగ్గు కలిగెను. మాచర్ల చేరువ రాయి, తెలుగుబాలుడు, సంస్కృతపు పంతులు – ఈ మువ్వురికి ఇంగ్లీషు దుబాసి కావలసివచ్చెను! ఏబదియేండ్లు దాటిన పిమ్మట మేము మరల బడిపిల్లవానివలె బ్రాహ్మీయక్షరములు దిద్దుకొంటిమి.

ఆ రాళ్లు చెప్పునదేమి? క్రీస్తుశకము మూడవ, నాలుగవ శతాబ్దములలో ఇక్ష్వాకురాజులు విజయపురి రాజధానిగా ఈ సీమ నేలిరి. వీరపురుషదత్తుని యాఱవ యేట, అతని మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభము లెత్తించెను. బోధిసిరి యను నుపాసిక సింహళాచార్యుల నిమిత్తము చైత్యగృహము కట్టించెను. ఆమె శాసనమున కాశ్మీర, గాంధార, చీనదేశముల పేళ్లు గలవు. మన కృష్ణయొడ్డున నిలిచి, ఆ కాలపు స్త్రీ యెంత లోకమును పేర్కొన్నదో చూడుడు!

ఈ శాసనములలో పెక్కింటి భాష ప్రాకృతము. అందలి 'సిరి' సంస్కృతమున 'శ్రీ'. 'చేతియ' యనగా చైత్యము. చాంతమూలుడను రాజు పేరునకు మూలము 'క్షాంత'మా, 'శాంత'మా యని పండితులు చర్చించిరి. ప్రాకృతమున క్షకారము ఛకారమగుట కలదు. శకారము సాధారణముగా సకారమగును. ఈ మార్పు లెఱుగనివానికి ఆ చర్చయే బోధపడదు. మన మింటింట పలుకు 'సిరి' యను మాట ఆ రాతిమీదను గలదని తెలిసిననాడు, మాకు కలిగిన సంతోషము పరీక్షలో నెన్ని మార్కులు వచ్చినను కలుగలేదు.

ప్రాచీనవిద్య యిక నెందులకనువారు కొందఱు. సమస్తశాస్త్రములును మన పూర్వగ్రంథములలోనే కలవనువారు మఱికొందఱు. ఈ ఉభయులును గ్రంథమును విప్పనివారే యని మా యభిప్రాయము. బొగ్గుముక్క వయస్సును భౌతికశాస్త్రము చెప్పును. ఛాయాచిత్రము చెదరిన గీతను స్పష్టపఱచును. ఆ గీత యే మాటయో చెప్పుటకు భాష నెఱిగినవాడు కావలెను. అట్లే పండితుడొక్కడే చాలడు. మన పండితులు మఱచిన బ్రాహ్మీలిపిని 1837లో చదివినవాడు జేమ్సు ప్రిన్సెపు. ఆయన కలకత్తా టంకశాలలో నుద్యోగి. నాగార్జునకొండలో 1927 మొదలు లాంగ్‌హర్స్టు త్రవ్వించినపుడు దొరకిన శాసనములను చదివి ప్రకటించిన ఫోగెల్, హాలెండుదేశమున లైడెన్ విశ్వవిద్యాలయపు సంస్కృతాచార్యుడు. విద్య యెచ్చట శ్రద్ధ గలదో యచ్చటికి పోవును.

మనవారు శ్రద్ధ చూపలేదని మేమనము. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు శ్రీనాథుని పేర వెలసిన పలనాటి వీరచరిత్రమును పరిష్కరించి యచ్చు వేయించిరి. సంస్కృతాంధ్రముల రెంటి యందును కృషి చేసినవారు గనుకనే బ్రహ్మనాయుని కథకు అట్టి సేవ చేయగలిగిరి.

ఇంక మన ఋణమును గూర్చి యొకమాట. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. లోయ మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు సుబ్రహ్మణ్యంగారి యాధ్వర్యమున త్రవ్వకములు సాగెను. కొన్ని కట్టడములను కొండమీదికిని, అనుపునకును తరలించిరి. 1967లో కాలువలకు నీరు వచ్చెను. కుడికాలువ నీటితో మన మెట్టచేలు మాగాణులైనవి. ఆ పంట కలిమియే నేడీ సభలోని పెక్కు చందాలకు మూలము. మనకు అన్నము పెట్టిన నీటి యడుగున విజయపురి యున్నది. ఆ పట్టణము విడిచిన వ్రాతను చదువువారిని తయారుచేయుట దయ కాదు, బాకీ తీర్చుట.

తెలుగునకు 2008లోను, ప్రాకృతమునకును పాలికిని 2024లోను ప్రాచీనభాషలుగా గుర్తింపు లభించెను. హోదా వచ్చినది, చదువరులు రావలెను. ఇంటర్మీడియేటులో సంస్కృతమును మార్కుల నిమిత్తమే తీసికొని, పరీక్ష మఱునాడే విడిచిపెట్టుచున్న పిల్లలు పెక్కుమంది. తప్పు పిల్లలది కాదు; ఆ విద్య యెందుకు పనికివచ్చునో మాబోటి పంతుళ్లు చూపలేదు.

కావున మా ప్రార్థనలు మూడు. మన సంఘ మిచ్చు విద్యార్థివేతనములలో నేటేట నొకటి, ప్రాకృత సంస్కృతములను శాసనలిపులను చదువగోరువారికి కేటాయింపుడు. మీ యటుకలమీది తాళపత్రపు కట్టలను నదిలో విడువక, ఛాయాచిత్రములు తీయించి, పట్టిక వ్రాయింపుడు. మూడవది కొందఱికి రుచింపకపోవచ్చును: ఆ వేతనము మన కులమువారికే యని నియమము పెట్టకుడు. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని సీమ మనది. అన్నమున లేని పంక్తిభేదము అక్షరమున నేల?

నాటి బాలునివంటివాడు మరల నొకడు కంబము ముందు నిలిచి యడిగినపుడు, ప్రక్కనున్న పలనాటివాడే రాతిని జూచి చదివి చెప్పవలెను. అంతవఱకు మా బోధ ముగిసినదని మేమనుకొనము.

స్వస్తి.