బి. ఎన్. రెడ్డిగారి చిత్రకళాపరిణామము
(ఒంటిమిట్ట వార్షికమహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములనుగూర్చియు వసతిగృహమునుగూర్చియు పెద్దలు ప్రసంగించిన పిదప, సంస్కృతపాఠములు చెప్పుకొని బ్రదికిన నావంటివాడు సినిమానుగూర్చి మాటలాడుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని యొంటిమిట్టలో నీ ప్రసంగ మస్థానపతితము గాదు. ఈ కోదండరామునకే పోతనామాత్యుడు భాగవతము నంకితమొనర్చెనని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ పోతనను కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున తెరమీదికి దెచ్చిన వాహినీసంస్థ స్థాపకులలో నొకరు మన కడపమండలమువారే.

వారు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు. 1908లో పులివెందుల ప్రాంతమున కొత్తపల్లెలో జన్మించి 1977లో దివంగతులైరి. 1939 మొదలు 1969 వఱకు ముప్పదియేండ్లలో వారు దర్శకత్వము వహించినవి పదునొకండు చిత్రములు మాత్రమే. 1974వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారికి లభించినది. దక్షిణదేశమున నా గౌరవము నందిన ప్రథములు వారే.

ఆలంకారికులు అర్థమును వాచ్యమనియు వ్యంగ్యమనియు విభజించిరి. నోటితో చెప్పబడునది వాచ్యము. చెప్పకయే తోచునది వ్యంగ్యము. రెడ్డిగారి మార్గము మొదటిదానినుండి రెండవదానికి సాగినదని నా యభిప్రాయము.

తొలిచిత్రము 'వందేమాతరము' (1939). చదువుకొనియు నుద్యోగములేని యువకుడు పట్టణమునకు బోవుట, లాటరీలో ధనము వచ్చుట, అపోహచే భార్యకు దూరమగుట యందలి కథ. మఱుసటి యేడు వచ్చిన 'సుమంగళి' వితంతువివాహమునుగూర్చినది; 1941 నాటి 'దేవత' వంచితయైన పనిపిల్ల కథ. పురాణకథలే తెరనేలుచుండిన కాలమున నిట్టి వస్తువులను గ్రహించుట సాహసమే. కాని పాత్రల నోటినుండి దర్శకుని యభిప్రాయమే వినబడుచుండును. వీరేశలింగముపంతులుగారి యుపన్యాసవేదిక తెరమీదికి నడచివచ్చినట్లుండును. ఇది నింద కాదు, ఆనాటి యవసరమట్టిది. 'స్వర్గసీమ' (1945)లో మార్పు కాననగును. పత్రికాసంపాదకుడొకడు ఇల్లాలిని బిడ్డలను విడిచి, వీథులలో నాడిపాడిన సుబ్బి సుజాతాదేవియైన పిదప నామె వెంటబోవును. భానుమతిగారి సుజాతను మనము నిందింపనునెంతుము. కాని యామె చూపును, పాటయు మనలను నిందింపనీయవు.

తరువాత నాఱేండ్లకు, 1951లో, 'మల్లీశ్వరి' వెలువడినది. పోషకులీ యాఱేండ్లను గమనింపవలెనని నా ప్రార్థన. వాహినిలో రెడ్డిగారికి భాగస్వామియై ధనసాహాయ్యమొనర్చిన మూలా నారాయణస్వామిగారు మన సీమవారే. కవికి వేచియుండు ప్రభువు దొరకుట యెంత దుర్లభమో సాహిత్యచరిత్ర చదివినవారెఱుంగుదురు. ఈ చిత్రమునకు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మాటలును పాటలును వ్రాసిరి. పూర్వచిత్రములకు సముద్రాల రాఘవాచార్యులవారి కలము ప్రధానము. ప్రక్కన గూర్చుండిన కవి మాఱగా దర్శకుని శైలియు మాఱినది. భావకవి రాకతో మాటలు తగ్గినవనుట చమత్కారమే.

గాలివానలో మల్లి, నాగరాజు తల దాచుకొందురు. మాఱువేషముననున్న రాయలు, పెద్దన యచ్చటనే యుందురు. మల్లికి పల్లకి పంపింపుమని రాయలతో జెప్పుడని నాగరాజు పరిహాసమున కోరును. కొంతకాలమునకు నిజముగా పల్లకి వచ్చి, మల్లిని రాణివాసమునకు గొనిపోవును; అతడు ధనార్జనకై యూరు విడిచియుండును.

ఇచ్చట నా తప్పొకటి విన్నవించుకొనవలయును. నేను కొత్తగా నుద్యోగమున చేరిన నాళ్లలో, ఈ చిత్రము రాజంపేటలో మరల ప్రదర్శింపబడుచుండగా, నా శిష్యుడొకడు బడి యెగవేసి చూచివచ్చెను. బెత్తముతో కొట్టితిని. తరువాత, ఏమి చూచితివిరా యని యడిగితిని. వాడేడ్చుచునే, "పల్లకీ వస్తానే, వానలో నాగరాజు ఎగతాళికన్న మాట గ్యాపకమొచ్చె అయివారూ. వాడే అడిగె గదా!" అనెను. ఆ దినముననే ధ్వనిని బోధించుటకు నేను గంటసేపు శ్రమపడియుంటిని; ఒక్కనికిని దెలియలేదు. బెత్తమును బీరువాలో పెట్టి, మఱునాడు సాయంకాలము నేనును రాజంపేటకు బోయితిని.

'బంగారుపాప' (1955)లోను వానయే. జార్జి ఇలియట్ నవలనుండి పాలగుమ్మి పద్మరాజుగారు కూర్చిన యీ కథలో, పగతో చెరసాలనుండి వచ్చిన కోటయ్యకు గాలివాన రాత్రి పసిబిడ్డ దొరకును. ఎస్. వి. రంగారావుగారి మొగమున కాఠిన్యము కరగుట చూడవలసినదేగాని చెప్పవలసినది కాదు. వానచినుకుకై యాకాశమువంక జూచు సీమలో బుట్టినవాడు గావున, రెడ్డిగారు తెరమీద నైనను వానను వృథాచేయలేదు!

అన్నియు నొక్కయెత్తున నున్నవని చెప్పను. 'రాజమకుటము' (1960) జానపదము. కత్తియుద్ధముల నడుమ రెడ్డిగారిని వెదకుకొనవలసివచ్చును. 'పూజాఫలము' (1964) మెత్తనిది, మఱల చూడదగినది.

1966లో 'రంగులరాట్నము'తో వారు తొలిచిత్రపు వస్తువునకే తిరిగివచ్చిరి. ఇందును బ్రదుకుదెరువునకై పల్లె విడిచి పట్టణము చేరుటయే. అందు వ్యక్తి, ఇందు కుటుంబము. చంద్రమోహనునివంటి కొత్తనటుని దెచ్చిరి. అన్నదమ్ములు రాజకీయములలో ప్రత్యర్థులగుదురు, నడుమ తల్లి. ఇరువదియేడేండ్ల క్రిందట నైనచో రెడ్డిగారు పాత్రచే నొక యుపన్యాస మిప్పించియుందురు. ఇప్పుడు అంజలీదేవిగారి మొగము జూపి యూరకుండిరి.

ఒంటిమిట్ట, రాజంపేట ప్రాంతములనుండి కువైటునకు బోయిన బిడ్డల తల్లు లీ సభలో ననేకులు గూర్చుండియున్నారు. వారికి నేను చెప్పవలసినదేమియు లేదు. ఈ రాత్రి భోజనానంతరము ఈ పందిటియందే 'రంగులరాట్నము' ప్రదర్శించుటకు కార్యదర్శిగా రంగీకరించిరి. స్త్రీలకు ముందువరుసలు విడువవలెనని యువకులను కోరుచున్నాను.