పేదవాని ఖాతాకు పడుతున్న కోత

(నిజామాబాద్‌లో మైనారిటీ హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సమావేశం అనగానే రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు మన మనసులో మెదలుతాయి. వాటిని గురించి మాకంటె బాగా తెలిసినవారు ఈ వేదికపై మాట్లాడారు. మేము ఒక పాస్‌బుక్కును గురించి మాట్లాడదలచాము.

గత రమజాన్ మాసంలో మా మొహల్లా జకాత్ కమిటీ ఒక వితంతువు ఖాతాలో 5,000 రూపాయలు జమ చేసింది. పూర్వం కవరులో పెట్టి ఇచ్చేవాళ్లం. లెక్క స్పష్టంగా ఉంటుందని, తీసుకునేవారి గౌరవమూ నిలుస్తుందని రెండేళ్లుగా ఖాతాలకు పంపుతున్నాము. పండుగకు నాలుగు రోజుల ముందు ఆ ఖాలా మా వద్దకు వచ్చి, మొగమాటపడుతూ, "బేటా, ఈసారి తక్కువ వేశారా?" అని అడిగారు. ఆమె చేతికి వచ్చినవి 3,584 రూపాయలు. మిగిలిన 1,416 రూపాయలను బ్యాంకు తీసుకుంది.

ఎందుకు తీసుకుంది? ఆమె ఒకప్పుడు ఒక పాఠశాలలో ఆయాగా పనిచేసేవారు. జీతం కోసం అక్కడివారే ఒక ప్రైవేటు బ్యాంకులో ఖాతా తెరిపించారు. కనీస నిల్వ అవసరం లేని ఖాతా అని అప్పుడు చెప్పారు. పని మానేసి బీడీలు చుట్టడం మొదలుపెట్టిన తరువాత జీతం పడడం ఆగిపోయింది. జీతం ఆగిన కొన్ని నెలలకు అది మామూలు పొదుపు ఖాతాగా మారింది. మామూలు ఖాతాకు కనీస నిల్వ ఉండాలి. ఆ నిల్వ లేనందుకు నెలకు 100 రూపాయల చొప్పున పన్నెండు నెలలకు 1,200, దానిపై 18 శాతం జీఎస్టీ 216, మొత్తం 1,416. ఖాతాలో డబ్బు లేనన్నాళ్లు ఈ బకాయి ఎక్కడో వ్రాసి ఉన్నది. జకాత్ సొమ్ము పడిన రోజున బ్యాంకు మొదట తన వాటాను తీసుకుంది.

జకాత్ అంటే హక్కుదారును ఆ సొమ్ముకు యజమానిని చేయడం. ఈ 1,416 రూపాయల విషయంలో జకాత్ చెల్లినట్లా కాదా అన్నది ఇక్కడ కూర్చున్న ఉలమాలు చెప్పవలసిన మాట. మాకు తెలిసినది ఒక్కటే. ఇచ్చినవారు ఆమెకని ఇచ్చారు, తీసుకున్నది మరొకరు.

ఆ రోజు నుండి మేము శుక్రవారం నమాజు తరువాత మస్జిదు వరండాలో ఒక బల్ల వేసుకుని కూర్చుని పాస్‌బుక్కులు చదవడం మొదలుపెట్టాము. చదివిన కొద్దీ మా అజ్ఞానం మాకే తెలిసివచ్చింది. ఎస్‌ఎమ్‌ఎస్ పంపినందుకు మూడు నెలలకొకసారి రుసుము. ఏటీఎం కార్డుకు సంవత్సర రుసుము. ఉచిత పరిమితి దాటి ఏటీఎంలో డబ్బు తీస్తే ప్రతిసారీ రుసుము. 2025 మే 1 నుండి ఇది 23 రూపాయల వరకు ఉండవచ్చునని రిజర్వు బ్యాంకు అనుమతించింది. వాయిదా కట్టవలసిన తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే మన బ్యాంకు ఒక రుసుము, అప్పిచ్చిన సంస్థ మరొక రుసుము. ఒక ఆటో నడిపే తమ్ముని ఖాతా నుండి ఒకే వాయిదా కోసం ఒకే వారంలో మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ రుసుము వేశారు. ఆ తమ్మునికి మేము ఏమీ చేయలేకపోయాము. తాను సంతకం పెట్టిన పత్రంలో అది ఉన్నదన్నారు; చూస్తే ఉన్నది, ఇంగ్లీషులో, చీమల బారులాంటి అక్షరాలతో.

ఇది ఒక్క మొహల్లా బాధ కాదు. 2018 నుండి ప్రభుత్వ రంగ బ్యాంకులు, అయిదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి ఈ మూడు పేర్లతో 35,000 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేశాయని 2023 ఆగస్టులో ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. అందులో కనీస నిల్వ లేనందుకు వేసిన జరిమానాలే 21,000 కోట్లకు పైబడ్డాయి. ఏటీఎం అదనపు వాడకానికి 8,000 కోట్లు, ఎస్‌ఎమ్‌ఎస్‌లకు 6,000 కోట్లు దాటాయి. కనీస నిల్వ లేనివారు ఎవరు? ఖాతాలో లక్షలు ఉన్న షావుకారు ఈ జరిమానా ఎన్నడూ కట్టడు. అతనికి బ్యాంకులో కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. సేవకు వెల కట్టడాన్ని మేము తప్పుపట్టము. దుకాణం నడపాలంటే ఖర్చు ఉంటుంది. కాని ఏ సేవా చేయకుండా, డబ్బు లేదన్న ఒక్క కారణంతో డబ్బు తీసుకోవడాన్ని సేవా రుసుము అని ఎలా పిలుస్తాము?

మన పెద్దలకు ఇంకొక తేదీ గుర్తుండి ఉంటుంది. 2017 ఏప్రిల్ 1. 1942లో హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా మొదలై, తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మనందరికీ తెలిసిన బ్యాంకు ఆ రోజున స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైనది. సరిగ్గా అదే రోజు నుండి స్టేట్ బ్యాంకు కనీస నిల్వ జరిమానాను, కొన్నేళ్ల విరామం తరువాత, తిరిగి ప్రవేశపెట్టింది. ఆ ఏప్రిల్ నుండి నవంబరు వరకు ఎనిమిది నెలల్లో ఆ పద్దు కింద 1,772 కోట్లు వచ్చాయి. ఆ ఏడాది జూలై నుండి సెప్టెంబరు వరకు ఆ బ్యాంకుకు వచ్చిన లాభం 1,581 కోట్లు మాత్రమే. న్యాయంగా చెప్పాలంటే, 2020 మార్చిలో ఆ బ్యాంకు ఈ జరిమానాను పూర్తిగా ఎత్తివేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు వంటి మరికొన్ని ప్రభుత్వ బ్యాంకులూ ఎత్తివేశాయి. ఎత్తివేసినా ఆ బ్యాంకులు నడుస్తూనే ఉన్నాయి కదా!

పాత బ్యాంకు పేదల బ్యాంకు అని మేము అనము. కాని అక్కడ కౌంటరు వెనుక ఉర్దూలోనో తెలుగులోనో పలికే గుమాస్తా ఉండేవాడు. డబ్బు తీసే కాగితం నింపడం రాని ముసలమ్మకు తానే నింపి, వేలిముద్ర వేయించుకునేవాడు. నేడు మూడు కౌంటర్లలో రెండు మూసి ఉంటాయి. ఉన్న ఒక్క ఉద్యోగి ఏ దూర రాష్ట్రం నుండో బదిలీపై వచ్చిన పిల్లవాడు. అతని భాష మనకు రాదు, మన భాష అతనికి రాదు, అతని వెనుక పై అధికారి బీమా పాలసీలు అమ్మమని తరుముతుంటాడు. అతనిపై మాకు కోపం లేదు. పాస్‌బుక్కు ముద్రించే యంత్రం పనిచేయదు. ఫోనులో అడగండి అంటారు. ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని యంత్రం పలుకుతుంది. ఖాలాతో కలిసి మేము వెళ్లినప్పుడు కూడా మేనేజరు గారు మర్యాదగానే, "సిస్టమ్ తీసుకుందండీ, మా చేతిలో ఏమీ లేదు" అన్నారు. మనిషి తీసుకుంటే మనిషిని అడగవచ్చు. సిస్టమ్ తీసుకుంటే ఎవరిని అడగాలి?

సిస్టమ్‌కు కూడా నియమాలు ఉన్నాయని మాకు తరువాత తెలిసింది. 2014 నవంబరు 20న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ జారీ చేసింది. నిల్వ తగ్గినప్పుడు బ్యాంకు ముందుగా ఖాతాదారుకు స్పష్టంగా తెలియజేయాలి. నిల్వను సరిచేసుకోవడానికి కనీసం ఒక నెల గడువు ఇవ్వాలి. ఎంత తగ్గిందో దానికి తగిన నిష్పత్తిలోనే జరిమానా ఉండాలి. ఈ జరిమానా కారణంగానే ఖాతా సున్నా కంటె కిందికి పోకూడదు. ఖాలా ఖాతా సున్నా కిందికి పోలేదు, నిజమే. బకాయిని పక్కన వ్రాసి ఉంచి, డబ్బు పడిన రోజున పట్టుకున్నారు. ఆ నిబంధన వ్రాసినవారి ఉద్దేశం ఇదేనా?

మేము ఒక కాగితంపై నాలుగు వాక్యాలు వ్రాశాము. జరిమానా వేసే ముందు ఈ ఖాతాదారుకు ఏ తేదీన, ఏ భాషలో, ఏ నంబరుకు సమాచారం పంపారో తెలుపగలరు అని. ఖాలా వేలిముద్ర వేశారు. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదానిపై బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకున్నాము. ఆ ముద్ర వేయడానికి మూడుసార్లు తిప్పారు. ముద్ర పడిన మూడు వారాలకు 1,416 రూపాయలూ ఆమె ఖాతాలో తిరిగి చేరాయి. ఎవరూ క్షమాపణ చెప్పలేదు, ఎందుకు తిరిగి ఇచ్చారో కూడా చెప్పలేదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. కనీస నిల్వ అవసరమే లేని ప్రాథమిక పొదుపు ఖాతా 2012 నుండి ప్రతి బ్యాంకులోనూ ఉన్నది. అది జన్‌ధన్ పథకం కంటె ముందే వచ్చింది, పేదవారికి మాత్రమే అన్న షరతు కూడా లేదు. ఉన్న పొదుపు ఖాతానే అలా మార్చమని అడగవచ్చు. అదే బ్యాంకులో మరొక పొదుపు ఖాతా ఉండకూడదు. విద్యార్థుల విషయం కూడా వినండి. ఉపకార వేతనం కోసం తెరిచిన సున్నా నిల్వ ఖాతాలను రెండేళ్లు లావాదేవీ లేకపోయినా నిష్క్రియ ఖాతాలుగా చేయరాదని 2024 ఏప్రిల్ 1 నుండి నియమం ఉన్నది. నిష్క్రియమైన ఖాతాను తిరిగి తెరవడానికి రుసుము అడగరాదు. బ్యాంకుకు వ్రాసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. దానికి వకీలు అక్కరలేదు, పైసా రుసుము లేదు.

ఇది మైనారిటీ హక్కుల వేదిక గనుక కొందరు అడగవచ్చు, ఈ బాధ అందరు పేదలదీ కదా, ముస్లింల మాట ఎందుకని. అందరిదీ అన్నది నిజం. మా బల్ల ముందు కూర్చున్నవారిలో పద్మశాలి అక్కలు, దళిత అన్నలు కూడా ఉన్నారు. కాని కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి అక్కడ రుణాలు, సౌకర్యాలు సులభంగా ఇవ్వడం లేదని 2006లో సచార్ కమిటీ వ్రాసింది. అప్పు ఇవ్వడానికి మన గల్లీ దూరమైనప్పుడు జరిమానా వసూలుకు ఎలా దగ్గరైనది? పైగా మనలో వడ్డీని ముట్టరాదనుకునేవారు కరెంటు ఖాతా తెరుస్తారు. దానికి కనీస నిల్వ ఇంకా ఎక్కువ, రుసుములు ఇంకా ఎక్కువ. వడ్డీ లేని బ్యాంకింగును 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసినా, ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైనది. కాబట్టి వడ్డీ వద్దన్నవాడు తన విశ్వాసానికి ప్రతి నెలా వెల చెల్లిస్తున్నాడు.

ఇక మనవైపు తప్పు కూడా చెప్పుకోవాలి, చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. బ్యాంకు అంటే వడ్డీ వ్యవహారం, మనకెందుకులే అన్న ఉదాసీనతతో మనం మన హక్కును కూడా వదిలేశాము. ఏటీఎం పిన్నును కిరాణా దుకాణం పిల్లవానికి చెబుతాము. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన డబ్బు ఎంత పడిందో ఒకటికి రెండుసార్లు అడుగుతాము, ఎంత కోశారో అడగము. సూరె బఖరాలోని 282వ ఆయతు ఖుర్ఆన్‌లో అన్నింటికంటె పొడవైనది. అది అప్పును వ్రాసుకోవడం గురించి. అక్కడ పత్రంలోని మాటలు పలికించవలసినది అప్పు తీసుకున్నవాడు, అంటే ఇద్దరిలో బలహీనుడు. అతనికి చేతకాకపోతే అతని తరఫువాడు న్యాయంగా పలికించాలి. మన బ్యాంకు పత్రాలలో మాట ఎవరిది? సంతకం ఎవరిది? కొలతలో తగ్గించేవారి గురించి ఏకంగా ఒక సూరా అవతరించిన సముదాయం మనది. తూకం తగ్గిన బియ్యానికి దుకాణదారునితో గొడవపడతాము. ఖాతాలో తగ్గిన డబ్బుకు మౌనంగా లేచి వస్తాము.

మన సొంత వడ్డీరహిత పరపతి సంఘాలు కూడా సర్వీసు చార్జి తీసుకుంటాయి. అది ఎంత, దేనికోసం అన్నది తెలుగులోనూ ఉర్దూలోనూ గోడపై వ్రాసి ఉంచమని ఆ సంఘాల పెద్దలకు ఈ వేదిక నుండే మనవి చేస్తున్నాము. బ్యాంకును అడిగే నోరు మనకు అప్పుడే ఉంటుంది.

సమయం అయిపోయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. అసర్ నమాజు తరువాత ఈ హాలు వెనుక వరండాలో మా వాళ్లు ఇద్దరు కూర్చుంటారు. వారిలో ఒకరు మహిళ. పాస్‌బుక్కు గాని, బ్యాంకు నుండి వచ్చిన ఏ కాగితం గాని ఉంటే తెచ్చుకోండి. దరఖాస్తు కాగితాలు మా వద్ద ఉన్నాయి, రెండేసి ప్రతులు. పిన్ నంబరు మాత్రం మాకు కూడా చెప్పవద్దు.