స్తన్యము విడువక అన్నము: యశోదమ్మ ఒడి నేర్పిన పాఠము



శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామివారు కొలువైయున్న ఈ మార్కాపురములో, పసికందును ఒడిలో ఉంచుకొని దర్శనమునకు వచ్చిన తల్లిని చూచినప్పుడెల్ల మాకు యశోదమ్మ స్మరణకు వచ్చును. నేడు ఆ ఒడిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

భాగవతము దశమస్కంధములోని ఉలూఖలబంధన ఘట్టము మనమందరము ఎరిగినదే. యశోద పెరుగు చిలుకుచుండగా బాలకృష్ణుడు వచ్చి కవ్వము పట్టుకొని పాలిమ్మని మారాము చేసినాడు. తల్లి ఒడిలోనికి తీసికొని స్తన్యమిచ్చినది. అంతలో పొయ్యి మీది పాలు పొంగగా దింపబోయినది. ఆకలి తీరని స్వామి కుండ పగులగొట్టి, వెన్న తిని, కోతులకు పంచిపెట్టినాడు. ఇక్కడ ఒక్క విషయము గమనింపుడు. ఆనాటికి స్వామికి నడక వచ్చినది. వెన్న తినుట వచ్చినది. అయినను తల్లిపాలు మానలేదు. అన్నము వచ్చినంత మాత్రమున స్తన్యము పోవలసిన పని లేదని ఈ కథలోనే ఉన్నది. నేటి వైద్యులు చెప్పునదియు ఇదియే. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు మాత్రమే. పిమ్మట ఇంటి ఆహారముతోపాటు రెండేండ్లు, ఆపైనను తల్లిపాలు ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఇక మన ఇండ్లలోని సంగతి చూతము. కాన్పయిన తొలి దినములలో వచ్చు చిక్కని ముర్రుపాలు బిడ్డకు పడవని పిండి పారబోయు వాడుక ఇంకను అక్కడక్కడ కలదు. ఆవు ఈనినచో జున్ను కోసము ఇరుగుపొరుగుల కబురంపుదుము. మన బిడ్డకు దైవమిచ్చిన జున్నును మాత్రము నేలపాలు చేయుదుము! రోగములను ఎదిరించు శక్తి ఆ పాలలోనే మెండు. కనుక పుట్టిన గంటలోపలనే బిడ్డను రొమ్మునకు అందింపవలెను. తేనె నాకించుట కొందరి ఆచారము. ఏడాది నిండనిదే తేనె కూడదని వైద్యులు హెచ్చరించుచున్నారు. జాతకర్మలోని మంత్రమును, ఆశీస్సును నిలుపుకొందము. తేనెచుక్కను స్వామి పాదములకు సమర్పించి ఊరకుందము.

మన పశ్చిమ ప్రకాశమునకు ఇందు మరియొక ముఖ్యవిషయము కలదు. ఇక్కడి పెక్కు గ్రామములలో బోరునీటిలో ఫ్లోరైడు అధికము. పండ్లపై గారలు, వంగిన కాళ్ళు మనము కన్నులారా చూచినవే. అయితే తల్లి త్రాగు నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నను ఆమె పాలలోనికి దిగునది అత్యల్పము. అదే బోరునీటితో డబ్బాపాలు కలిపినచో ఆ విషము నేరుగా బిడ్డ కడుపులోనికి పోవును. కాచినంత మాత్రమున ఫ్లోరైడు తొలగదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును. ఎండలు మండు చైత్ర వైశాఖములలోనైనను ఆరు నెలలలోపు బిడ్డకు నీరు అక్కరలేదు. తల్లిపాలలో నూటికి ఎనుబది ఏడు పాళ్ళు నీరే.

ఆరు నెలలు నిండగానే పాలొక్కటియే చాలవు. గర్భములో కూడబెట్టుకొన్న ఇనుము అప్పటికి తరిగిపోవును. సుశ్రుతుడు ఆరవ మాసమున తేలికయైన, హితమైన అన్నము పెట్టుమన్నాడు. మగబిడ్డకు సరి మాసమున, ఆడబిడ్డకు బేసి మాసమున అన్నప్రాశన చేయుట మన ఆచారము. ఆడబిడ్డకు అయిదవ మాసమున తొందరపడక ఏడవ మాసమున జరుపుకొనవచ్చును. మగబిడ్డకు ఆరు నెలలు నిండుటకు దగ్గరగా ముహూర్తము అడుగవచ్చును. ముహూర్తము దూరమైనచో ఆరు నెలలు దాటిన బిడ్డను పస్తుంచరాదు. స్వామికి నివేదించి మెత్తని అన్నము మొదలుపెట్టవచ్చును.

ఏమి పెట్టవలెను? మన చేలలో పండిన కందులే చాలు. కందిపప్పుతో ఉడికించి మెదిపిన అన్నము, రాగిజావ, కొర్రన్నము, మునగాకు, తోటకూర, బొప్పాయి, చెంచాడు నేయి. తినే ఆచారమున్న ఇండ్లలో గుడ్డు. వంటకు ఫ్లోరైడు లేని మంచినీరే వాడవలెను. మొదట రెండుమూడు చెంచాలతో రోజుకు రెండుమూడు మార్లు. తొమ్మిది నెలల నుండి మూడునాలుగు మార్లు. పలుచని కట్టుతేట కడుపు నింపునేగాని బలమీయదు. చెంచా నుండి జారిపోనంత చిక్కగా ఉండవలెను. అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతము బిడ్డకే చెందవలెను, ఇంటిల్లిపాది పంచుకొనరాదు.

ఇదంతయు తల్లికొక్కతెకే చెప్పి పొమ్మనుట న్యాయము కాదు. పలకల పరిశ్రమలో, మిరపచేలలో కూలికి పోవు తల్లి, బెంగుళూరికో హైదరాబాదుకో వలసపోవు తల్లి ఏమి చేయగలదు? అత్తగారు ఆ పూట పొయ్యి చూడవలెను. భర్త నీళ్ళు మోయవలెను. పనియిచ్చు ఆసామి బిడ్డకు పాలిచ్చు వేళ కూలి కోయకుండవలెను. బిడ్డను అవ్వతాతల వద్ద విడిచి పోవలసి వచ్చిననాడు, తల్లి పాలు మాన్పించుటకు ముందే ఆ బిడ్డను వెంట తీసికొనిపోవు దారి ఏదైన ఉన్నదా అని ఇంటివారందరును కూర్చుండి ఆలోచింపవలెను.

పొంగిన పాలను దింపుటకు యశోదమ్మ లేచినప్పుడు ఆమెకు సాయము చేయవలసిన ఇంటి దాసీలు వేరే పనులలో ఉండిరి. అందుచేతనే కుండ పగిలినది. మన ఇండ్లలో పొయ్యి మీది పాలు మరియొకరు దింపుదురు గాక! ఒడిలోని బాలకృష్ణుడు కడుపునిండ త్రాగును గాక!

శుభం భూయాత్.