పసిబిడ్డల ఎదుగుదలయు, ఇంటి భాషయు
(మడివాళలో మన సంఘ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము, వైద్యులము కాము. ఐనను సంఘకార్యములపై ఇండ్లకు పోవునప్పుడు తల్లులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "బిడ్డకు రెండేండ్లు నిండవచ్చినవి, మాట రాలేదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము వినుటచేత తికమకపడుచున్నాడట. తెలుగు మానివేయుడనుచున్నారు. ఏమి చేయుదుము?" ఈ సలహా విని ఇంట తెలుగు మానినవారిని మేమెరుగుదుము. అందుచేతనే నేడీ విషయము నెత్తుకొంటిమి.

మన పెద్దలు బిడ్డ యెదుగుదలను వంటయింటనే లెక్కవేసిరి. నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలుకలు పంచుట మన ఆచారము. ఏ యింటినుండి అరిసెలు వచ్చినవో, ఏ యింటినుండి రావలసియుండి రాలేదో ఇరుగుపొరుగమ్మలకు తెలిసెడిది. ఇప్పుడు మిఠాయి అంగడినుండి తెచ్చి పంచుటయే గాని, తేదీ వ్రాసియుంచువారు అరుదు. చిట్టాలో పద్దు వేయని సరకు ఎప్పుడు వచ్చెనో ఎవరు చెప్పగలరు?

వ్రాసియుంచుట కంగారుపడుటకు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశముతో కూడ ఐదు దేశముల బిడ్డలను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కనుబట్టి, ఆరోగ్యవంతులైన బిడ్డలు సుమారు 8 నెలలు మొదలు 17½ నెలలలోపల ఎప్పుడైనను స్వయముగా నడువవచ్చును. కొందరు మోకాళ్లపై పాకకయే నడతురు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు, ఎన్ని వారములు ముందు పుట్టెనో అన్ని వారములు తీసివేసి వయస్సు లెక్కింపవలెను. పొరుగింటి బిడ్డతో పోల్చుటవలన అత్తాకోడండ్రకు తగవే గాని లాభము లేదు.

ఇక మాట సంగతి. రెండు భాషలు వినుటచేత మాట ఆలస్యమగుననుట నిజము కాదు. అట్టి బిడ్డలును తక్కిన బిడ్డలవలెనే సుమారు ఏడాదికి తొలిపలుకు పలుకుదురు. తెలుగున పది, కన్నడమున పది మాటలాడు బిడ్డకు ఇరువది మాటలు వచ్చినట్లే. "పాలు" అనినను, "హాలు" అనినను లెక్కలోనిదే.

భాషను నిందించి ఊరకుండుటలోనే అపాయమున్నది. అసలు కారణము వినికిడి లోపము కావచ్చును. చెవిటి బిడ్డయు తొలి నెలలలో ఊకొట్టును, తల్లి మోసపోవును. పుట్టిన మొదటి నెలలోనే, నిద్రించు శిశువునకు సయితము, నొప్పి లేక వినికిడి పరీక్ష చేయవచ్చును. ఆరు నెలలకు శబ్దమువైపు తల త్రిప్పకున్నను, ఏడాదికి "తాతా, అత్తా" యని ముద్దుపలుకులు కూర్పకున్నను, చేతితో సైగ చేయకున్నను, పదునారు నెలలకు ఒక్క మాటయు రాకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకకున్నను, వచ్చిన మాట పోయినను, "మేనమామకును ఆలస్యముగనే వచ్చినది" అని కాలము జరుపక వైద్యునికి చూపుడు. మనకు చేరువనే సెంట్ జాన్స్ ఆసుపత్రియు, హోసూరు రోడ్డుపై నిమ్హాన్సును కలవు. మైసూరున అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కలదు. అంతవరకు ఇంట తెలుగు మాత్రము మానకుడు. తల్లి తనకు బాగుగా వచ్చిన భాషలో మాటలాడుటయే బిడ్డకు మేలు.

ప్రభుత్వమువారిచ్చు మాతా శిశు సంరక్షణ కార్డులో టీకాలతోపాటు ఈ యెదుగుదల వివరములును ఉన్నవి. మన సోదరీమణులు టీకా తేదీలు మాత్రము చూచి దానిని బీరువాలో దాచుచున్నారు. వచ్చు సభకు, మూడేండ్లలోపు బిడ్డలున్నవారు ఆ కార్డులను వెంట తెండు. కన్నడము మాటలాడుట వచ్చియు చదువరాని అవ్వలకు మన యువకులు తెలుగున చదివి చెప్పుదురు.