నీరు తాగే కారు: ఇంజను దించే ముందు చేయవలసిన పరీక్షలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించీ, వైద్య బిల్లుల గురించీ పెద్దలు చక్కగా మాట్లాడారు. నేను గరాజ్ మనిషిని. ఆర్టీసీలో మెకానిక్‌గా చేరి, నంద్యాల, ఆళ్లగడ్డ డిపోల్లోనూ పనిచేసి రిటైరయ్యాను. కాబట్టి నాకు తెలిసిన సంగతే చెబుతాను.

మనలో చాలామంది ఇళ్ల ముందు ఇంకా ఒక పాత కారు ఉంది. ఎక్కువగా మారుతి 800, అక్కడక్కడ అంబాసిడర్. ఈ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, రిజిస్ట్రేషన్ 5 ఏళ్ల చొప్పున పొడిగించుకుంటూ నడుపుకుంటున్నాం. కొత్త కారు కొనే వయసూ కాదు, స్తోమతూ కాదు. ఈ కారుకు వచ్చే జబ్బుల్లో మన జేబుకు పెద్ద చిల్లు పెట్టేవి రెండు. ఒకటి రేడియేటర్‌లో నీరు తగ్గిపోవడం. రెండోది కంప్రెషన్ తగ్గి బండి లాగకపోవడం. ఈ రెండూ కలిసి కనబడగానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంజను దించాల్సిందే" అనే మాట వినబడుతుంది. ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. నేను మనవి చేయదలచింది ఇదొక్కటే.

ఈ రెంటికీ సంబంధం ఎక్కడ ఉంది? ఇంజను బ్లాకుకూ, పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే పలుచని రేకు లాంటిదే గ్యాస్కెట్. సిలిండర్‌లో మండే గ్యాసునూ, చుట్టూ తిరిగే నీటినీ, ఆయిలునూ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపేది అదే. అది కాలితే గ్యాసు నీటిలోకీ, నీరు సిలిండర్‌లోకీ పోతాయి. మారుతి 800 హెడ్ అల్యూమినియంది. అల్యూమినియం వేడికి ఇనుముకంటే సుమారు రెండింతలు సాగుతుంది. అందువల్ల ఒక్కసారి బాగా వేడెక్కినా హెడ్ వంగే ప్రమాదం ఉంది.

మన ప్రాంతంలో ఎండలు మీకు చెప్పనక్కరలేదు. దానికి తోడు మనది సున్నపురాయి నేల. బేతంచర్ల నాపరాళ్లు మన ఇళ్లలో ఎవరు పరచుకోలేదు? ఆ నేలలో ఊరిన బోరు నీరు చవ్వనీరు. కాచిన గిన్నెలో తెల్లని పొర కడుతుంది కదా, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే కడుతుంది. పొర మందమైన కొద్దీ వేడి బయటికి పోదు. కారడం ఆగుతుందని కొందరు రేడియేటర్‌లో పసుపు పోస్తారు. ఆ ముద్ద పోయి సన్నని గొట్టాల్లో కూర్చుంటుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

ఇక పరీక్షలు. మొదట నీటి సంగతి. రాత్రి కారు కింద పాత దినపత్రిక పరచండి. పొద్దున తడి ఎక్కడ పడిందో చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. తడి లేకపోతే హోస్ పైపుల మూతుల దగ్గర, వాటర్ పంపు కింద తెల్లని లేక తుప్పురంగు మరకలు చూడండి. కొన్ని చోట్ల ఇంజను వేడిగా ఉన్నప్పుడే కారుతుంది, కారింది కారినట్టే ఆవిరైపోతుంది. అప్పుడు ఇంజను చల్లారాక రేడియేటర్‌కు చేతిపంపు బిగించి, మూత మీద రాసినంత ప్రెషర్ ఎక్కించి చూడాలి. ముల్లు దిగిపోతే లీకు ఉన్నట్టే.

రేడియేటర్ మూతను చిన్నచూపు చూడకండి. మూత సుమారు 0.9 కిలోల ప్రెషర్ పట్టి ఉంచితే మామూలు నీరు కూడా 118 డిగ్రీల దాకా మరగదు. స్ప్రింగు మెత్తబడితే 100 దగ్గరే మరిగి పొంగిపోతుంది. వేడి ఇంజను మీద ఆ మూత ఎవరూ తీయరాదు. కాగిన ఇంజనులో చన్నీళ్లూ పోయరాదు, హెడ్ పగులుతుంది.

బయట ఎక్కడా లీకు లేకుండా నీరు తగ్గుతుంటే లోపల అనుమానించాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్టు చేయించండి. నీటిలో బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాసు నీటిలోకి వస్తున్నట్టు. ఇంజను కాగాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లని ఆవిరి వస్తూనే ఉండడం ఇంకో గుర్తు. చలికాలం పొద్దున కాసేపు వచ్చే ఆవిరికి భయపడనక్కరలేదు. డిప్ స్టిక్‌కు పాలు కలిసిన టీ రంగు ఆయిలు అంటితే మాత్రం బండి నడపవద్దు. ప్లగ్గులు తీసినప్పుడు ఒక్కటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే, నీరు ఆ సిలిండర్‌లోకే పోతోందని అనుమానించాలి.

రెండోది కంప్రెషన్. ఇంజను వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి ఐదారు సార్లు తిప్పాలి. అంకెలు కాగితం మీద రాయాలి. తక్కువ అంకె ఎక్కువ అంకెలో ముప్పాతికకు తగ్గకూడదు. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజనాయిలు పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, గ్యాస్కెటో. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందని బలమైన అనుమానం. ఇంకా తేలకపోతే ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించి వినాలి. కార్బురేటర్‌లో బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలైతే గ్యాస్కెట్.

రెండు ఉదాహరణలు చెబుతాను. ఆళ్లగడ్డలో ఒక రిటైర్డు మాస్టారు మారుతి 800లో నెలనెలా భార్యను నంద్యాల డాక్టరు దగ్గరికి తీసుకొస్తారు. సుమారు 40 కిలోమీటర్ల దారి. శిరివెళ్ల దాటేసరికి ముల్లు పైకి పోయేది, ఇంటికి చేరేసరికి లీటరు నీరు తక్కువ. పికప్పూ లేదు. ఒక షెడ్డులో గ్యాస్కెట్, బోరింగ్ అని రెండు నెలల పింఛనంత లెక్క చెప్పారు. ఆయన కారు తుక్కుకు ఇచ్చేద్దామనుకున్నారు. అదిపోతే ఆమెను ఎండలో బస్టాండులో నిలబెట్టాలి. నేను గేజి పెడితే 155, 150, 155 వచ్చింది. ప్రెషర్ పంపు కొడితే వాటర్ పంపు కింది రంధ్రం నుంచి చుక్క పడింది, మూత స్ప్రింగు మెత్తబడింది. పికప్ తగ్గింది ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి. అంటే రెండు జబ్బులకు రెండు వేరు కారణాలు. పంపు, మూత, ఫిల్టర్ మార్చాం. హెడ్ ముట్టలేదు.

రెండోది నంద్యాలలో ఒక మిత్రుడి పాత అంబాసిడర్. అంకెలు 120, 60, 60, 125. ఆయిలు పోసినా కదల్లేదు, రేడియేటర్‌లో బుడగలు. అక్కడ హెడ్ విప్పక తప్పలేదు. రెండు, మూడు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలి నీటి దారి దాకా పోయింది. హెడ్ మీద స్కేలు పెట్టి ఫీలర్ గేజితో వంపు చూసి, లేత్ షాపులో ఫేసింగ్ చేయించాం. కానీ రింగులు బాగానే ఉన్నాయని ఆయిలు పరీక్షే చెప్పింది కదా! బోరింగ్ ఖర్చు తప్పింది.

నేను మెకానిక్కులను తప్పుపట్టడం లేదు. మనం అడిగితే పరీక్ష చేసేవాళ్లు మన రెండు ఊళ్లలోనూ ఉన్నారు. "అంకెలు రాసివ్వు నాయనా" అని అడగడం మన వంతు. ఇకపై బోరు నీరు మాని, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే వాడండి. అది తియ్యగా ఉండే విషం. తీసేసిన కూలెంటును పిల్లలకూ, పశువులకూ అందకుండా పారవేయండి.

చివరిగా ఒక మనవి. సంఘం తరఫున ఒక కంప్రెషన్ గేజి, ఒక రేడియేటర్ ప్రెషర్ పంపు కొని కార్యాలయంలో ఉంచితే బాగుంటుంది. కొనేటప్పుడు పెట్రోలు ఇంజను గేజే కొనాలి, డీజిలు గేజి మన కార్లకు పనికిరాదు. పరీక్ష చేసిపెట్టే పని నేను చూసుకుంటాను.