ఫౌజు ఇంటికొచ్చాక: జరగని తిరుగుబాటు గురించి కొన్ని ప్రశ్నలు

(దబీర్‌పురాలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్రలో జరిగినదాన్ని రాయడం ఒక పద్ధతి. జరగనిదాన్ని ఊహించి, 'అలా జరిగివుంటే ఏమయ్యేది?' అని అడగడం ఇంకో పద్ధతి. దీన్నే ప్రత్యామ్నాయ చరిత్ర అంటున్నారు. ఈ ఊహల్లో పదేపదే కనబడే కథ ఒకటుంది. యుద్ధం చేసి వచ్చిన సైనికులు తమకు రావాల్సిన డబ్బు కోసం రాజధానికి వస్తారు, ప్రభుత్వం కాల్పులు జరుపుతుంది, వాళ్లు తిరగబడతారు, రాజ్యం కూలిపోతుంది. ఈ కథలో స్త్రీలు ఎక్కడున్నారు అన్నదే ఈవేళ నా ప్రశ్న.

ఈ ఊహకు ఆధారమైన అసలు సంఘటన అమెరికాలో జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికులకి 1924లో బోనస్ పత్రాలిచ్చారు. కానీ డబ్బు చేతికొచ్చేది 1945లో. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. 1932 వేసవిలో సుమారు 17 వేలమంది మాజీ సైనికులు వాషింగ్టన్ చేరారు. భార్యాబిడ్డలతో కలిపితే ఆ సంఖ్య 40 వేలు దాటింది. జూన్ 17న సెనేట్ వాళ్ల బిల్లును తిరస్కరించింది. జూలై 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు మాజీ సైనికులు దెబ్బతిని చనిపోయారు. అదేరోజు జనరల్ మెకార్థర్ నాయకత్వంలో సైన్యం దిగింది. అనకోస్టియా నది ఒడ్డున వాళ్లు వేసుకున్న గుడిసెలు తగలబడ్డాయి. రాజ్యం కూలలేదు. అధ్యక్షుడు హూవర్ ఆ ఏడాది ఎన్నికల్లో ఓడిపోయాడు. 1936లో, రూజ్వెల్ట్ వీటోను కూడా కాదని, కాంగ్రెస్ ఆ బోనస్ ఇప్పించింది.

'ఆ రోజు సైనికులు తిరగబడివుంటే' అని ఊహించేవాళ్లు జనరళ్ల గురించి, తుపాకుల గురించి రాస్తారు. ఆ గుడిసెల్లో వండిపెట్టినవాళ్లు, పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తినవాళ్లు ఆ ఊహలో కూడా లేరు. జరిగిన చరిత్రలో మనకి చోటు లేకపోవడం పాత సంగతే. జరగని చరిత్రలో కూడా లేకపోవడం గురించి కాస్త ఆలోచించాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. సిపాయిల అసంతృప్తి హింసగా మారడం హైదరాబాదుకి కొత్తకాదు. 1857లో ఇంగ్లీషువాళ్ల తరఫున యుద్ధానికి వెళ్లడం ఇష్టంలేక ఇక్కడికి చేరిన జమేదార్ చీదా ఖాన్‌ని, అతని తోటివాళ్లని పట్టుకుని రెసిడెన్సీలో బంధించారు. వాళ్లని విడిపించాలని జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని కోఠీలో రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ దాడి ఓడిపోయింది. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత చంపేశారు, మౌల్వీని అండమాన్ పంపారు. ఈ ఇద్దరి పేర్లూ మనకు తెలుసు. ఆ రాత్రి తిరిగిరాని మగవాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో ఎవరూ రాయలేదు.

రెండో సందర్భం 1948. సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 18న సర్వసేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. తర్వాత సంస్థాన సైన్యంలో కొన్ని దళాలను భారత సైన్యంలో కలుపుకున్నారు, మిగతావాటిని రద్దుచేశారు. అరబ్బులను, పఠాన్లను 'విదేశీయులు'గా లెక్కగట్టి చాలామందిని నిర్బంధించారు, దేశం నుంచి పంపేశారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ జాగీర్లు నిలబెట్టిన వ్యవస్థ అన్యాయమైనదే, పోవాల్సిందే. కానీ దాన్ని నమ్ముకుని బతికిన నౌకర్లు, పహరావాళ్లు, దాయీలు కూడా దానితోపాటే రోడ్డున పడ్డారు.

ఫౌజు పోయింది, పేర్లు మిగిలాయి. బ్యారక్స్ 'బార్కాస్' అయింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్నచోటు 'ఏసీ గార్డ్స్' అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న లాన్సర్ల గుర్తుగా ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర మూడు విగ్రహాలున్నాయి. జోధ్‌పూర్, మైసూర్‌లతోపాటు అందులో ఒకటి హైదరాబాదుది.

ఆలోచించండి. ఆయుధం వాడటం తెలిసిన వేలాది మగవాళ్లు ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు. ఓడిపోయామన్న అవమానం, రేపేమవుతుందోనన్న భయం, ఆకలి మూడూ ఉన్నాయి. పుస్తకాల్లో ఊహించే తిరుగుబాటుకి కావలసిన సరంజామా అంతా ఇక్కడ ఉంది. అయినా జీతాలకోసం, పింఛన్లకోసం మాజీ ఫౌజీలు ప్రభుత్వాన్ని కూలదోయడానికి బయల్దేరిన దాఖలా లేదు. ఎందుకు జరగలేదు?

మొదటి కారణం అణచివేత. నాయకులు కొందరు జైల్లో ఉన్నారు, కొందరు పాకిస్తాన్ వెళ్లారు. జిల్లాల్లో జరిగిన మారణకాండ వార్తలు నగరానికి చేరుతూనే ఉన్నాయి. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ 1948 చివర్లో తిరిగి చూసి ఇచ్చిన నివేదిక మృతుల సంఖ్య 27 వేలనుంచి 40 వేలదాకా ఉంటుందని అంచనా వేసింది. స్త్రీలమీద జరిగిన అత్యాచారాలను, అపహరణలను కూడా అది నమోదుచేసింది. ఆ నివేదిక మామూలు పాఠకులకి అందడానికి 2013 దాకా ఆగాల్సివచ్చింది. అంత భయం మధ్య ఎవరు వీధిలోకి వస్తారు?

కానీ భయం నోరు మూయిస్తుందేగాని కడుపు నింపదు. ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగింది? నా వాదన ఇక్కడుంది. ప్రభుత్వం రద్దుచేసిన జీతాన్ని ఆ ఇళ్ల స్త్రీలు తమ శ్రమతో భర్తీచేశారు. రాగిపాత్రలు, నగలు అమ్మారు. కార్చోబీ పని, కుట్టుపని, బీడీలు, గాజులకి రాళ్లు అతకడం, ఇళ్లలో వంటపని చేశారు. పర్దా దాటకూడదు కాబట్టి పని ఇంట్లోకే వచ్చింది, ఇంట్లో చేసింది కాబట్టి అది పనిగా లెక్కకి రాలేదు. ఈనాటికీ ఈ గల్లీల్లో జరీపని చేసే అమ్మాయికి ముక్కకింత అని ఇచ్చే రేటు వెనక ఈ చరిత్ర కూడా ఉందని నేననుకుంటాను.

ఇక్కడికి దగ్గర్లోనే ఒక పెద్దావిడ నాకు తన తండ్రి డిశ్చార్జి కాగితం చూపించింది. రేకు సందూక్‌లో పాత దుపట్టాలో చుట్టి దాచారు. అందులో ఆయన పేరుంది, ఆయన తండ్రి పేరుంది, ఛాతీ కొలత ఉంది. "మా అమ్మీ పేరు ఎక్కడుందో చూసి చెప్పమ్మా" అని అడిగింది. ఎక్కడా లేదు. ఇరవయ్యేళ్లు ఆ ఇంటిని నడిపింది ఆ అమ్మీయే.

దీన్ని నేను త్యాగం అనదలుచుకోలేదు. స్త్రీల ఓర్పువల్ల శాంతి నిలిచిందని పొగిడితే పితృస్వామ్యం చాలా సంతోషిస్తుంది. అది ఓర్పు కాదు, ప్రభుత్వానికి జీతంలేకుండా చేసిపెట్టిన చాకిరీ.

అవతలి పక్షాన కూడా చూద్దాం. నిజాంతో, దేశ్‌ముఖ్‌లతో పోరాడిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో విరమించారు. దళాల్లో ఉన్న స్త్రీలు కూడా ఆయుధం దించినవాళ్లే. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం వంటి కొందరు శాసనసభదాకా వెళ్లారు. ఎక్కువమందిని ఇంటికి పొమ్మన్నారు, పెళ్లి చేసుకొమ్మన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా వాళ్ల మాట వాళ్ల నోట వినాలని ఎవరికీ తోచలేదు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకి మామూలుగా ఆరునెలల జైలు ఉండాలి. 1980 నుంచి స్త్రీలకి దాన్ని మూడు నెలలు చేశారు. మంచిదే. కానీ దళానికి అన్నం మోసినదానికి, గాయపడ్డవాడిని దాచినదానికి ఏ జైలు సూపరింటెండెంటు సర్టిఫికెట్ ఇస్తాడు?

నిజాం ఫౌజీ ఇల్లాలు, ఎర్రదళం స్త్రీ ఒకరికొకరు శత్రుపక్షం. ఇద్దరికీ చివరికి అందింది మాత్రం ఒకటే: కాగితంలో పేరు లేకపోవడం.

కాబట్టి '1948 తర్వాత ఫౌజీలు తిరగబడివుంటే?' అన్న ప్రశ్నని నేను ఇలా మారుస్తాను: 'ఆ రోజు గ్రాట్యుటీ, పింఛను, ఇంటిజాగా భార్యాభర్తలిద్దరి పేరునా రాసివుంటే ఈ పాత నగరం ఎలా ఉండేది?' మొదటి ప్రశ్నకి జవాబు మనకి తెలుసు. కర్ఫ్యూలో పాలకోసం బయటికి వెళ్లిందెవరో, 1990 డిసెంబర్ అల్లర్లు చూసిన ఈ బస్తీ ఆడవాళ్లని అడిగితే చెప్తారు. రెండో ప్రశ్నని ఇంతవరకు ఎవరూ ఊహించనేలేదు.

ఇదంతా పాత గొడవ అనుకోకండి. 2015లో 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' కోసం మాజీ సైనికులు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర నెలలతరబడి కూర్చున్నారు. ఆగస్టు 14న పోలీసులు వాళ్లని ఖాళీచేయించబోయారు. సైనికుల వితంతువులు కూడా ఆ పోరాటంలో ఉన్నారు. 2022 జూన్ 17న అగ్నిపథ్‌కి వ్యతిరేకంగా సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ పథకం ప్రకారం నాలుగేళ్ల సర్వీసు తర్వాత నూటికి 25 మందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్లకి సేవానిధి ఇస్తారు, పింఛను ఉండదు. 2022 చివర్లో, 2023 మొదట్లో చేరిన తొలి బ్యాచ్‌ల గడువు 2026 చివరికి, 2027 మొదటికి నిండుతుంది. ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు ఆయుధం దించి ఇంటికొస్తారు. వాళ్లు వీధిలోకొస్తే వార్త అవుతుంది. ఇంట్లోనే ఉండిపోతే ఆ భారం తల్లిమీద, కొత్తగా వచ్చిన కోడలిమీద పడుతుంది, అది వార్త కాదు.

మరి మనం ఏం చేయాలి? పెద్ద మాటలు వద్దు. మీరు తిరిగే బస్తీల్లో ఫౌజు, పోలీసు, హోంగార్డు ఇళ్లను గుర్తించండి. డిశ్చార్జి బుక్కు, పింఛను ఆర్డరు, నికాహ్‌నామా లేదా పెళ్లి సర్టిఫికెట్, ఆధార్ దగ్గర పెట్టుకుని భార్య పేరు అన్నిటిలోనూ ఒకేలా ఉందో లేదో చూడండి. 'బేగం' ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే కుటుంబ పింఛను ఏళ్లతరబడి ఆగిపోవచ్చు. భర్త బతికి ఉండగానే సరిచేయించండి. సైనికులైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెంటబెట్టుకుని వెళ్లండి. ఏ సంఘం ధర్నా చేసినా, డిమాండ్ల పత్రంలో స్త్రీలకు సంబంధించిన డిమాండు ఎక్కడుందని అడగండి. పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయండి. ఆ తరం వెళ్లిపోతోంది.

దబీర్ అంటే ఫారసీలో లేఖరి, రాసేవాడు. పాత నగరం గోడకి ఉన్న 13 దర్వాజాల్లో నిలిచి ఉన్నవి రెండే, ఒకటి పురానాపూల్‌ది, ఒకటి ఈ దబీర్‌పురాది. ఈ మొహల్లాలోనే బీబీ కా అలావా ఉంది. ఒక తల్లి పేరు మీద ఏటా మొహర్రంలో ఇక్కడినుంచి ఊరేగింపు బయల్దేరుతుంది. దుఃఖాన్ని బాహాటంగా చెప్పుకోవడం ఈ వీధికి తెలుసు. ఇక ఆ దుఃఖానికి కారణాలను, రావాల్సిన బాకీలను రాసిపెట్టడం నేర్చుకోవాలి. రేపు ఆ పెద్దావిడ ఇంటికి మళ్లీ వెళ్తున్నాను. ఆమె తల్లి పేరు, చేసిన పనులు, పెంచిన పిల్లల పేర్లు రాసుకుని వస్తాను. మీలో వీలైనవాళ్లు నాతో రండి.